ఫ్లెక్సీలో మూడో స్థానం

కరీంనగర్ మంకమ్మతోటలో దిగి తిమోతి సార్ ఇల్లెక్కడ అని అడిగితే, ఎవరైనా కాసేపు ఆలోచించి, ‘చక్రాల సారేనా?’ అని ఎదురడుగుతారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయన ముఖం ముడుచుకుంటుంది. ఇన్నేళ్లుగా పిల్లలకు స్కేటింగ్ నేర్పుతున్న మనిషికి ఊరు ఇచ్చిన బిరుదు అది. నిజానికి ఆయన నేర్పేది చక్రాల మీద పరుగెత్తడం కాదు. పాట వెంట సాగుతూ, ఒంటికాలి మీద వంపులు తిరుగుతూ, గాల్లోకి ఎగిరి సుడి తిరిగి, మళ్లీ ఒంటికాలి మీదే దిగడం. మంచు మీద చేస్తే దాన్ని ఫిగర్ స్కేటింగ్ అంటారు. కరీంనగర్‌లో మంచు ఎక్కడిది? అందుకని తను పనిచేసే బడిలోనే, బాస్కెట్‌బాల్ ఆడే సిమెంటు నేల మీద, చక్రాల బూట్లు తొడిగించి నేర్పేవాడు. ఈ తేడా చెప్పబోతే వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఎట్లయినా చక్రాలే గద సార్ అని తేల్చేసేవాళ్లు.

తిమోతి పుట్టింది లక్సెట్టిపేట దగ్గరి పల్లెలో. తండ్రి ఫిలిప్ కొద్దిపాటి పొలం చేసుకుంటూ, ఆదివారం మందిరంలో పాటలు ఎత్తుకునేవాడు. కొడుకును చదువు కోసం మిషన్ హాస్టల్లో వేశాడు. ఒక ఏడు క్రిస్మస్ ముందు, ఏదో దూరదేశపు సంఘం వాళ్లు పంపిన పాత బట్టల పెట్టె ఆ హాస్టల్‌కు వచ్చింది. స్వెటర్లు, గౌన్లు అందరూ పంచుకోగా అడుగున ఒక జత తెల్ల తోలు బూట్లు మిగిలాయి. కింద నాలుగేసి చక్రాలు. అవి దేనికో వార్డెన్‌కే తెలియలేదు. అందరూ వద్దన్నవి తిమోతికి దక్కాయి. ముందుభాగంలో గుడ్డపేలికలు కుక్కి, హాస్టల్ పొడుగు వసారాలో పడుతూ లేస్తూ తనంతట తానే నేర్చుకున్నాడు. ముందుకు పోవడం కంటే వెనక్కి పోవడం ఆయనకు తొందరగా వచ్చింది. ఆ తర్వాత తిరగడం వచ్చింది. అది చూసి తోటి పిల్లలు దయ్యం పట్టిందన్నారు.

కాలేజీ రోజుల్లో మంచిర్యాలలో ఒక హోటల్లో చాయ్ తాగుతుంటే, టీవీలో తెల్లటి మంచు మీద ఒకమ్మాయి తిరగడం చూశాడు. తను వసారాలో చేసిందే. కాకపోతే ఆమె చేతుల్లో, మెడలో, చివరికి వేళ్ల కొసల్లో కూడా పాట ఉంది. ప్రపంచ పోటీలట. ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు, కింద మార్కులు పడుతున్నాయి. గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. ఇంకొక్క అమ్మాయి ఆట అయితే ఫలితం చెబుతారనగా హోటల్ యజమాని క్రికెట్ పెట్టాడు. తిమోతి బతిమాలాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ పోటీలో ఎవరు గెలిచారో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

రాష్ట్రస్థాయి స్కేటింగ్ పోటీలకు ఒకసారి పోయాడు. అక్కడ ఉన్నవి పరుగు పందేలే. నాకు పందెం రాదు, తిరగడం వస్తుంది, ఒక్కసారి చూడమని నిర్వాహకులను అడిగితే, ఇది నాట్యం కాదు పొమ్మన్నారు. తిరిగొచ్చి వ్యాయామ విద్యలో శిక్షణ పూర్తి చేసి, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్ సార్‌గా చేరాడు. ప్రిస్కిల్లాతో పెళ్లయింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. పొద్దున డ్రిల్లు, సాయంత్రం స్కేటింగ్. వచ్చే పిల్లలు వచ్చేవారు, పదో తరగతికి రాగానే తల్లిదండ్రులు మాన్పించేవారు. సరిగ్గా కాలు కుదిరి, ఎగరడం నేర్పవలసిన వయసుకే ట్యూషన్లు మొదలయ్యేవి. అట్లా సగంలో పోయిన పిల్లల్ని తలచుకుంటే ఆయనకు అన్నం సహించేది కాదు.

రుచిత ఒక్కతే మానలేదు. ఆమె తండ్రి వంశీధర్‌రావుకు పొలాలున్నాయి, గ్రానైటు వ్యాపారం ఉంది. పిల్ల ఇంట్లో కుదురుగా ఉండదని ఆరేళ్లప్పుడు తెచ్చి వదిలాడు. మొదటివారమే ఆ పిల్ల పడిపోయి, మోకాలు కొట్టుకుపోయి, ఏడవకుండా, ఎందుకు పడ్డానని అడిగింది. పడ్డ పిల్లలు అమ్మను అడుగుతారు, మందు అడుగుతారు. ఎందుకు పడ్డానని అడిగిన పిల్లను తిమోతి అప్పటిదాకా చూడలేదు.

రెండేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక మాల్‌లో చిన్న మంచు గచ్చు ఉందని తెలిసి, వంశీధర్‌రావు కారులో అందరూ పోయారు. జీవితంలో మొదటిసారి తిమోతి మంచు మీద కాలు పెట్టాడు. పెట్టీ పెట్టగానే రెండు కాళ్లూ ముందుకు జారి వెల్లకిలా పడ్డాడు. ఆ పూటంతా అంచున ఉన్న కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. చక్రం మీద బరువు ఎక్కడ వేయాలో ఆయన ఒంటికి తెలుసు. కింద చక్రానికి బదులు కత్తి అంచు ఉంటే ఆ ఒళ్లు మాట వినలేదు. రుచిత మాత్రం కాసేపు తడబడి, చూస్తుండగానే జారుకుంటూ అవతలి కొసకు పోయింది. ఆయనకు సంతోషమూ కలిగింది, ఇక తను వెంట పోలేనన్న దిగులూ కలిగింది.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. సెలవులు వస్తే ఆమెను డెహ్రాడూన్ పంపేవారు. అక్కడ పెద్ద మంచు మైదానం, వేరే కోచ్. కరీంనగర్ వచ్చినప్పుడు మళ్లీ చక్రాల మీద తిమోతి దగ్గర సాధన. డెహ్రాడూన్ నుంచి రోజూ వీడియోలు పంపేది. ఆయన వాటిని ఆపి ఆపి చూసి, ఎడమ భుజం ముందే తెరుచుకుంటోందనో, దిగేటప్పుడు మోకాలు బిగపడుతోందనో చెప్పేవాడు. పదిహేనేళ్లకు ఆమె బ్యాంకాక్‌లో జరిగే ఆసియా స్థాయి ఫిగర్ స్కేటింగ్ పోటీకి, జూనియర్ బాలికల విభాగంలో ఎంపికైంది. జట్టు వెంట డెహ్రాడూన్ కోచ్ వెళ్లాడు. తల్లిదండ్రులు వెళ్లారు. తిమోతి గురించి ఎవరూ చెడుగా ఏమీ అనలేదు, అసలు ఆయన మాటే రాలేదు.

పోటీ రోజున బడిలో అర్ధసంవత్సర పరీక్షలు. ఫోన్లు ఆఫీసు బీరువాలో పెట్టి గదుల్లోకి వెళ్లాలని నియమం. హెడ్మాస్టరమ్మ మమతారాణిని తిమోతి అడిగి చూశాడు. ఆమె మంచిదే, కానీ ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలంది. గదిలో పిల్లలు లెక్కలు చేస్తుంటే ఆయన గోడ గడియారం వైపు చూస్తూ అటూ ఇటూ తిరిగాడు. రెండుసార్లు ఒకే పిల్లకు అదనపు కాగితం ఇచ్చాడు. గంట కొట్టగానే జవాబు పత్రాలు కట్టగట్టి ఆఫీసులో పడేసి, ఫోన్ తీసుకుని స్టాఫ్ గదిలోకి పరుగెత్తాడు.

ప్రత్యక్ష ప్రసారం తెరిస్తే రుచిత వంతు అప్పుడే మొదలైంది. నీలం గౌనులో చిన్న మనిషి, చుట్టూ అంత మంచు. మొదటి ఎగురు బాగా దిగింది. రెండోది ఇంకా బాగా దిగింది. మూడోది డబుల్ ఆక్సెల్, గాల్లో రెండున్నర చుట్లు తిరిగే ఎగురు, నెలల తరబడి ఇద్దరినీ సతాయించింది. వేగం అందుకుని ముందుకు తిరిగి ఎగరబోతుండగా బొమ్మ ఆగిపోయింది. తెర మధ్యలో గుండ్రం తిరుగుతూ ఉంది. ఆయన ఫోన్‌ను కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు, తలుపు దగ్గరికి తీసుకుపోయాడు, బల్లెక్కి పైకెత్తాడు. బొమ్మ కదిలేసరికి రుచిత మంచు మీద నుంచి లేస్తోంది. గౌను మీద తెల్లటి పొడి అంటుకుంది. అంటే పడింది. ఎట్లా పడిందో ఆయన చూడలేదు. కానీ లేచాక చేసిందంతా చూశాడు. మిగిలిన ఎగుర్లన్నీ తప్పు లేకుండా చేసింది. చివరి సుడి అయ్యేదాకా ఆయన బల్ల దిగలేదు.

అందరి ఆటా ముగిసేసరికి ఆమె పేరు పక్కన మూడు అంకె ఉంది. తిమోతి స్టాఫ్ గదిలో గట్టిగా కేక పెట్టాడు. మమతారాణి పరుగెత్తుకొచ్చింది. ఎవరో లడ్డూలు తెప్పించారు. ఎవరో విలేకరికి ఫోన్ చేశారు. అదే గందరగోళంలో రుచిత నుంచి ఫోన్ వచ్చింది. ఆయన నోట్లో లడ్డూ ఉంది, చుట్టూ జనం భుజాలు తడుతున్నారు.

“సార్, నేను పడ్డ గద. మార్కుల షీట్ల దానికి మార్కు కొయ్యలే సార్. సున్నా అనే ఉన్నది” అంది రుచిత.

పడితే ఒక మార్కు తగ్గిస్తారని ఆమెకు నేర్పిందే తిమోతి. అయినా ఆ క్షణాన ఆయనకు ఆ మాట తలకెక్కలేదు. “గవన్ని వాళ్లు చూసుకుంటరు బిడ్డా. నువ్వు జర ఆరాం జెయ్యి” అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున పతకాలు ఇవ్వకముందే వాళ్లు చూసుకున్నారు. నాలుగో స్థానంలో ఉన్న ఇండోనేషియా అమ్మాయి కోచ్ అడిగితే నిర్వాహకులు వీడియో తిప్పి చూశారు. లెక్కలో పొరపాటు జరిగిందని ఒప్పుకుని ఒక మార్కు కోశారు. ఇద్దరి మధ్య తేడా ఒక మార్కు కంటే తక్కువే. రుచిత నాలుగో స్థానానికి దిగింది.

ఆ వార్త ఫోన్‌లో చూసి తిమోతి మార్కుల పట్టికను రెండుసార్లు చదివాడు. తర్వాత స్నానం చేస్తుంటే మెల్లగా ఇంకో సంగతి తట్టింది. నాలుగు. ఆసియా అంతటిలో నాలుగు. మంచు దుకాణంలో కొనుక్కోవలసిన ఊరి నుంచి పోయి, పడి, లేచి, నాలుగు. బయటికొచ్చి తువ్వాలుతో తల తుడుచుకుంటూ ఆ మాట ప్రిస్కిల్లాతో అన్నాడు. మూడు కంటే ఈ నాలుగే గొప్పదని గంటసేపు వివరించాడు. ఆమె డ్యూటీకి పోతూ, నాకు చెప్పుడెందుకు, నేను కాదన్ననా అంది.

ఆ ఉత్సాహంతోనే చౌరస్తాకు వచ్చాడు. అక్కడ ఒక మేడ ఎత్తున ఫ్లెక్సీ కట్టి ఉంది. ‘అంతర్జాతీయ స్కేటింగ్‌లో మూడో స్థానం సాధించిన కరీంనగర్ ముద్దుబిడ్డ కుమారి రుచితకు శుభాకాంక్షలు.’ ఫ్లెక్సీలో సగం మొండయ్య ముఖమే ఉంది, చేతులు జోడించి నవ్వుతున్నాడు. మొండయ్య ఆ డివిజన్ నాయకుడు, రాబోయే ఎన్నికల్లో కార్పొరేటర్‌గా నిలబడాలని చూస్తున్నాడు. రుచిత బొమ్మ ఒక మూలన ఉంది. అది ఎప్పుడో పదేళ్ల వయసులో బడి సిమెంటు నేల మీద తీసింది. కాళ్లకు చక్రాల బూట్లు. తిమోతి పళ్లు కొరుక్కున్నాడు. మూడు తప్పు, బొమ్మ తప్పు, ఆట పేరు కూడా తప్పు.

ముందు ఫ్లెక్సీ అచ్చువేసిన వెంకటి దుకాణానికి పోయాడు. వెంకటి మర్యాదగా కుర్చీ వేసి, మొండన్న చెబితే నిమిషంలో మార్చి ఇస్తాను, ఆయన చెప్పకుండా తాకితే రేపు నా దుకాణం ఉండదన్నాడు. తిమోతి మొండయ్య ఇంటికి పోయాడు. మొండయ్య నవ్వి, చాయ్ చెప్పి, ఓపికగా విన్నాడు.

“మూడైతేంది నాలుగైతేంది సార్? ఊరికి పేరొచ్చిందా లేదా?” అన్నాడు.

“నాలుగుకే పేరు రావాలె అన్నా. అదే మా బాధ.”

“నాలుగని ఎవడన్న ఫ్లెక్సీ గడతడా సార్? జర సోంచాయించు.”

తిమోతి చాయ్ తాగి లేచాడు. ఊళ్లో ఎవరూ ఎప్పుడూ నాలుగని ఫ్లెక్సీ కట్టని మాట నిజమే. మున్సిపాలిటీ ఆఫీసుకు పోతే, ఆ ఫ్లెక్సీకి అనుమతి లేదు కనుక అది తమ లెక్కలో లేదని, లేనిదాన్ని ఎట్లా తీస్తామని అడిగారు. వార్త రాసిన విలేకరికి ఫోన్ చేస్తే, సవరణ వేస్తే అమ్మాయి పరువు పోతుంది, ఆలోచించుకోండి సార్ అని సలహా ఇచ్చాడు. వంశీధర్‌రావు బ్యాంకాక్ నుంచి తిరిగొస్తే ఆయనైనా అర్థం చేసుకుంటాడని తిమోతి ఎదురుచూశాడు. ఆయన వచ్చీ రాగానే, మనకు అన్యాయం జరిగింది, పై అధికారులకు అప్పీలు చేస్తున్నానని అందరికీ చెప్పాడు. ఇచ్చిన స్థానం లాక్కున్నారని ఆయన మంట.

ఆదివారం మందిరంలో ప్రార్థన అయ్యాక తిమోతి ఇక ఆగలేకపోయాడు. ఇంట్లో చార్టు ముక్క మీద, ఫ్లెక్సీలో ఉన్నంత పెద్ద అక్షరాలతో ‘నాలుగో’ అని రాశాడు. స్టూలు, జిగురు తీసుకుని చౌరస్తాకు పోయాడు. కింది వరసలోని ‘మూడో’ అందేలానే ఉంది. స్టూలెక్కి కాగితం అతికిస్తుంటే మొండయ్య మనిషి ఒకడు కేకేసి స్టూలు పట్టి లాగాడు. తిమోతి పడిపోకుండా ఫ్లెక్సీని పట్టుకున్నాడు. ఫ్లెక్సీ పర్రున చిరిగి, మొండయ్య గడ్డం కింది నుంచి రెండు చెక్కలైంది. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లెత్తారు.

సాయంత్రానికల్లా ఆ వీడియో ఊరంతా తిరిగింది. శిష్యురాలి పేరు చూసి ఓర్వలేక గురువే ఫ్లెక్సీ చింపాడని రాశారు. బ్యాంకాక్ తీసుకుపోలేదన్న అక్కసు అని ఇంకెవరో జోడించారు. బడిలో తోటి టీచర్లు ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది. ఇంట్లో ప్రిస్కిల్లా మాత్రం, వినేటోళ్లకు చెప్పాలె గని చౌరస్తకు చెప్తె ఏం లాభమని కోప్పడింది. మొండయ్య కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. పాతదాని కంటే పెద్దది.

ఆ తర్వాత వంశీధర్‌రావు ఫోన్ చేశాడు. “తిమోతి సార్, మీరంటే మాకు గౌరవం. గని గిట్ల నడిబజార్ల పరువు తీసుడేంది?” అన్నాడు. ఎవరి పరువని తిమోతి అడగబోయాడు. ఆ లోగా ఆయన, పిల్ల ఆదిలాబాద్‌లో అమ్మమ్మ ఇంటికి పోయిందని, బూట్లు ముట్టడం లేదని, ఫోన్ ఎత్తడం లేదని చెప్పి పెట్టేశాడు.

తిమోతి బడికి సెలవు పెట్టి బస్సెక్కాడు. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే బస్సు చెడిపోయింది. దిగి రోడ్డు పక్కన నిలబడి, వెనక బస్సులో చోటు దొరక్క, ఇంకోదాంట్లో నిలబడే ఆదిలాబాద్ చేరాడు. పత్తి సీజన్ కావడంతో జిన్నింగ్ మిల్లుల ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. గాల్లో దూది నలుసులు ఎగురుతున్నాయి. రుచిత అమ్మమ్మ జానకీబాయి ఇల్లు మిల్లు వెనక గల్లీలో ఉంది. ఆమె తలుపు తీసి, అల్లుడు ఏం చెప్పాడో ఏమో, ముందు ఆయన్ను ఎగాదిగా చూసింది. తర్వాత, “ఏ బాబా, బస్” అని మరాఠీలో రమ్మని, కూర్చోమని, “పిల్ల మాట్లాడ్తలేదు, తింటలేదు. నువ్వన్న అడుగు” అని లోపలికి పిలిచింది.

రుచిత దేవుని గది గోడకు ఆనుకుని కూర్చుంది. లేచి నమస్తే పెట్టి మళ్లీ కూర్చుంది. తిమోతి ఆ ఫ్లెక్సీ సంగతి చెప్పాడు, ఎన్ని గడపలు ఎక్కాడో చెప్పాడు, ఎవరూ వినడం లేదని వాపోయాడు. ఆమె చివరిదాకా విని తలెత్తింది.

“మీకు ఆ దినమే ఫోన్ల చెప్పిన సార్. మార్కు కొయ్యలేదని. మీరు గూడ వినలే.”

 తిమోతి ఊళ్లో వినని వాళ్ల జాబితా అంతా చెప్పుకొచ్చాడు, కానీ అందులో మొదట ఉండవలసిన పేరు తనదే. “అవును బిడ్డా. వినలే” అన్నాడు.

“మూడంటే దొంగతనం జేసినట్టు ఉన్నది. నాలుగంటే ఇంట్ల ఎవరో సచ్చిపోయినట్టు జేస్తున్నరు. నాకు వచ్చింది నాది గాకుంట పాయె” అంది రుచిత. ఈసారీ ఏడవలేదు.

ఓదార్చడం తిమోతికి చేతకాదు. అందుకని తనకు చేతనైనదే అడిగాడు. “ఎట్ల పడ్డవో చూపియ్యి. నాకు కనబడలే, ఫోన్ ఆగింది.”

ఆమె విసుగ్గా చూసింది. అయినా లేచి, నాపరాళ్ల గచ్చు మీద ఉత్త కాళ్లతో అడుగులు వేసి, చేతులు దగ్గరికి లాక్కుని తిరిగి చూపించింది. ఎడమ భుజం ముందే తెరిచినవు అన్నాడు తిమోతి. కాదంది రుచిత. భుజం కాదు, ఎగరడమే ఆలస్యమైంది, పాట ముందుకు పోయింది, ఆ తొందరలో కత్తి అంచు మీదికి రాకుండానే లేచానంది. ఆయన కాదన్నాడు. ఆమె మళ్లీ చూపించింది.

“మంచు మీద గట్ల గాదు సార్. చక్రమైతే పట్టుకుంటది. మంచు పట్టుకోదు, మనమే దాన్ని పట్టుకోవాలె.”

తిమోతికి ఆ మాట గుచ్చుకుంది. తనకు ఎన్నటికీ తెలియని సంగతి అది. ఒక పూట కడ్డీ పట్టుకుని నిలబడ్డవాడు ఈ పిల్లకు ఇంకేం చెప్పగలడు? ఆ బాధ మింగి, మరి అంచు మీదికి రావాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగాడు. ఆమె చెప్పింది. ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. జానకీబాయి జొన్నరొట్టె, పప్పు తెచ్చి పెడితే రుచిత చేతులు తిప్పుతూ మాట్లాడుతూనే తినేసింది.

కరీంనగర్‌లో సన్మానం మాత్రం తప్పలేదు. మొండయ్య ఫంక్షన్ హాలు మాట్లాడాడు, వంశీధర్‌రావు సరేనన్నాడు. రుచిత వస్తానంది, నాకు మైకు ఇవ్వాలని షరతు పెట్టింది. హాలు నిండింది. జ్ఞాపికల మీద ‘తృతీయ స్థానం’ అని చెక్కించి ఉంది. శాలువా కప్పాక రుచిత మైకు దగ్గరికి వచ్చింది.

“అందరికి నమస్తే. నాకు వచ్చింది మూడు గాదు, నాలుగో స్థానం. నేను పడ్డ. లేచి మిగిలింది జేసిన” అని చెప్పి ఆగింది.

హాలంతా చప్పట్లు మోగాయి. వెనక వరసలో నిలబడ్డ తిమోతి, ఇక అయిపోయింది, విన్నారనుకున్నాడు. ఇంతలో వ్యాఖ్యాత మైకందుకుని, మూడో స్థానం సాధించి కూడా నాలుగని చెప్పుకునే ఈ వినయం, ఈ సంస్కారం మన గడ్డకే సొంతమన్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. రుచిత మళ్లీ మైకు కోసం చేయి చాపింది. దండలు వేసేవాళ్లు అడ్డం వచ్చారు. ఆ తర్వాత చిన్ననాటి గురువు థామస్ గారు వేదిక మీదికి రావాలని పిలిచారు. పేరు సరిచేసి, ఇండోనేషియా అమ్మాయి దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పబోయాడు తిమోతి. రెండు మాటలు అన్నాడో లేదో, మొండయ్యకు ఇంకో కార్యక్రమం ఉందని మైకు తీసుకుపోయారు. శాలువా భుజం మీద అట్లాగే జారిపోతుండగా ఆయన మెట్లు దిగాడు.

హాలు బయట కార్ల దగ్గర వంశీధర్‌రావు ఒంటరిగా నిలబడి ఉన్నాడు. తిమోతిని చూసి మొహం తిప్పుకుంటాడనుకుంటే దగ్గరికి వచ్చాడు.

“సార్, నిజంగ పడ్డదా?” అని అడిగాడు.

తిమోతికి మొదట అర్థం కాలేదు. అక్కడే కూర్చుని చూసిన మనిషి అడుగుతున్నాడు.

“అది ఎగిరేటప్పుడు నేను చూడలేను. కండ్లు మూసుకుంట. తెరిచేసరికి తిరుగుతుండె. పడ్డదని అందరంటుంటె నమ్మబుద్ధి గాలే” అన్నాడు వంశీధర్‌రావు.

నేనూ చూడలేదు సార్, ఫోన్ ఆగిపోయిందని తిమోతి చెప్పాడు. అంత రాద్ధాంతం చేసిన ఇద్దరూ ఆ పడడం చూడలేదు. రుచిత తల్లి ఫోన్‌లో వీడియో ఉంది. ఎవరూ తెరవలేదంతే. కారు వెనక సీట్లో కూర్చుని, రుచితే దాన్ని పెట్టింది. ఆమె వేగంగా వచ్చి ఎగిరింది, కాలు జారింది, తొడ మీద పడి అంచున ఉన్న చెక్కగోడ దాకా జారిపోయింది. వంశీధర్‌రావు ఈసారి కళ్లు మూసుకోలేదు. తెర మీది పిల్ల అరక్షణం కూడా ఆగకుండా అరచేయి ఆనించి లేచి, పాటను అందుకోవడానికి రెండు అడుగులు ఎక్కువ వేసి, తర్వాతి ఎగురు ఎగిరింది. వీడియో అయిపోయాక ఆయన మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. దెబ్బ తాకిందా అని అడిగాడు. ఇన్నాళ్లకు అడిగినందుకు రుచితకు కోపమే వచ్చింది. తొడ మీద ఇంకా నల్లగా ఉందని చెప్పి కిటికీ వైపు తిరిగింది. అప్పీలు ఆయన ఉపసంహరించుకున్నాడు. ఆ సంగతి మాత్రం ఏ పత్రికలోనూ రాలేదు.

ఎండాకాలంలో ఇంకో దేశంలో ఇంకో పోటీ జరిగింది. ఈసారి పెద్ద జట్లు వచ్చాయి. రుచిత పడకుండా, డబుల్ ఆక్సెల్‌తో సహా అన్నీ సరిగ్గా దిగి, పదకొండో స్థానంలో నిలిచింది. మొత్తం మార్కులు బ్యాంకాక్ కంటే చాలా ఎక్కువ. ఆ పూట తిమోతికి ఫోన్ చేసి, ఎక్కడెక్కడ ఎంత వచ్చిందో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా మొత్తం విన్నాడు. భుజం ఈసారి సరిగ్గానే ఉందని మాత్రం చివర్న అన్నాడు. భుజం కాదు సార్ అని ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

బడి పిల్లల క్రీడోత్సవానికి బ్యానర్ కావలసి వచ్చి మర్నాడు ఆయన వెంకటి దుకాణానికి పోయాడు. వెంకటి కంప్యూటర్ ముందు నుంచి తలెత్తి, అయ్యో పాపం అన్నట్టు చూశాడు.

“మూడుల ఉన్న పిల్ల పదకొండుకు పడిపాయెనట గద సార్” అన్నాడు.

తిమోతి కణతలు నొక్కుకున్నాడు. మూడు కాదని, నాలుగని, ఈ పదకొండు ఆ నాలుగు కంటే పైదని, అదెట్లాగో చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్లి ఫ్లెక్సీ కోసం ఎవరో వస్తే వెంకటి అటు తిరిగాడు. వాళ్లు పేర్లు రాయించుకుని, రంగులు ఎంచుకుని, దేవుడి బొమ్మ మార్పించుకుని పోయేదాకా తిమోతి స్టూలు మీద కూర్చున్నాడు. వాళ్లు గడప దాటగానే, “ఇగ విను వెంకటీ” అని అతని కుర్చీ దగ్గరికి జరిగాడు.